వీథి గొప్పదా, తెర గొప్పదా? అరబ్బు స్త్రీల ఉద్యమములపై ఒక సంవాదము

ట్యునీసియా దేశమందలి సిదీ బూజీద్ పట్టణమున 2010 డిసెంబరు 17వ తేదీన, బండిపై పండ్లు కూరగాయలు అమ్ముకొను ఒక యువకుడు అధికారుల అవమానమును సైపలేక తన్ను తాను దహించుకొన్నది మొదలు అరబ్బు దేశములలో ఎన్నియో సింహాసనములు కదలినవి. కొన్ని కూలినవి, కూలినచోట వేరు పేరులతో మరల లేచినవి, కొన్ని దేశములు యుద్ధములలో పడి నేటికిని తేరుకొనలేదు. ఆ పరివర్తనమునందు స్త్రీలు పడిన పాటును గూర్చి మన పత్రికలలో వచ్చినది మాత్రము మిక్కిలి స్వల్పము. యెమెను దేశపు తవక్కుల్ కర్మాన్‌కు 2011లో వచ్చిన నోబెల్ శాంతి బహుమానము, రెండు మూడు ఛాయాచిత్రములు, అంతటితో సరి. ఆ కొరతను తలచియే ఈ సంవాదమును అక్షరబద్ధము చేయుచున్నాను.

మాటాడినవా రిరువురును ఒక ఇంటివారే. శారదాంబగారు మహిళా కళాశాలలో చిరకాలము చరిత్ర బోధించి విశ్రాంతి గైకొన్నవారు. ఆమె చెల్లెలి కూతురు వైదేహి హైదరాబాదున హైకోర్టు వకీలు. వయస్సును బట్టి చూచినచో పెద్దామె వీథి పక్షమును, పిన్నయామె సెల్‌ఫోను పక్షమును వహింపవలసినట్లు తోచును గాని జరిగినది తద్విపరీతము. చట్టపుస్తకములోనికి ఎక్కని హక్కును హక్కుగా ఎన్నుట వైదేహికి అలవాటు లేదు; సంఘము, వీథి, న్యాయస్థానము, ఇవియే ఆమెకు ప్రమాణములు. శారదాంబగారో, గడప దాటనీయని ఇండ్లలోని స్త్రీల చరిత్ర వ్రాతలలో దొరకదను బాధను జీవితమంతయు పడినవారగుటచే, అట్టి స్త్రీ మాట బయటికి వచ్చిన త్రోవ ఏదైనను దానిని చిన్నచూపు చూడజాలరు.

వైదేహి: పెద్దమ్మా, అరబ్బు స్త్రీల మాట వచ్చినంతనే అందరును ఫేస్‌బుక్‌ను కీర్తింతురు, విప్లవమును ఒక కంపెనీ చేసిపెట్టినట్లే మాట్లాడుదురు. కైరో నగరమున స్త్రీలు ముసుగులతోనే వీథి కెక్కి బ్రిటిషువారి తుపాకుల కెదురు నడచినది 1919 మార్చిలో. హుదా షారావీ ఈజిప్టు స్త్రీవాద సంఘమును స్థాపించినది 1923లో. దురియా షఫీక్ పదునైదు వందలమంది స్త్రీలను వెంటగొని పార్లమెంటులోనికి చొచ్చుకొనిపోయినది 1951లో. ఆమె 1954లో నిరాహారదీక్ష పూనగా, 1956లో ఈజిప్టు స్త్రీలకు ఓటుహక్కు వచ్చినది. వీరిలో ఎవరి చేతిలో సెల్‌ఫోను ఉండెను? అంత దూరమేల? 2006 డిసెంబరులో మహల్లా పట్టణపు బట్టలమిల్లులో మగవారు యంత్రముల నింకను ఆపకమునుపే, కుట్టుపని విభాగమునుండి సుమారు 3,000 మంది స్త్రీలు పని విడిచి బయటికి వచ్చి, మగవారి విభాగముల ముందు నిలిచి, మీరెక్కడ దాగియున్నారని నిలదీసిరి. అదే మిల్లు కార్మికులు 2008 ఏప్రిల్ 6న తలపెట్టిన సమ్మెకు మద్దతుగా ఇస్రా అబ్దుల్ ఫత్తాహ్ ఫేస్‌బుక్‌లో ఇచ్చిన పిలుపును లోకము జ్ఞాపకముంచుకొన్నది. మగ్గముల నడుమ నిలుచున్న ఆ మూడువేల మందిని మరచినది. ఇది నాకు అన్యాయముగా తోచును.

శారదాంబ: నీవు చెప్పినది నేను తరగతిలో చెప్పిన చరిత్రయే, కాదనను. ఐతే దాని తరువాయి కూడ చెప్పుము. 1957లో దురియా షఫీక్‌ను నాసరు ప్రభుత్వము గృహనిర్బంధమున ఉంచి, ఆమె పత్రికలను మూయించి, ఆమె పేరు అచ్చులో కనబడకుండ చేసినది. 1975లో మరణించువరకు ఆమె మాట జనులకు చేరలేదు. ఒక స్త్రీ నోరు మూయుటకు ఒక అచ్చుకూటమునకు తాళము వేసిన చాలియుండెను. 2011 నాటికి ఆ తాళము పనికిరాకపోయినది. అస్మా మహ్‌ఫూజ్‌కు అప్పటికి ఇరువదియైదేండ్లు. కైరోలోని తహ్రీర్ మైదానమునకు నాతో రండని ఫోను నంబరుతో సహా ప్రకటించి ఆమె ఒకనాడు వెళ్ళినది. వచ్చినవారు ముగ్గురు యువకులు. వారిని పట్టుటకు మూడు పోలీసుబండ్లు. అప్పుడామె ఇంటికి వచ్చి, జనవరి 18న, ముఖము దాచుకొనక, పేరు మరుగుపరుపక, కెమెరా ముందు కూర్చుండి, ఆడపిల్లనైన నేను 25న పోవుచున్నాను, పౌరుషము గలదనుకొను మగవారు నా వెంట రండని పిలిచినది. ముందు వీథి విఫలమైనది, వైదేహీ. ఆ తరువాత తెర పిలిచినది. ఆ పిదపనే వీథి నిండినది.

వైదేహి: నిండినమాట నిజము. కాని జనవరి 27 రాత్రి ప్రభుత్వము దేశమంతటను ఇంటర్నెట్‌ను నిలిపివేయగా, ఆ మరునాటి శుక్రవారమే ఎన్నడు లేనంత జనము బయటికి వచ్చిరి గదా! తెర ఆరిపోయిననాడు ఇరుగుపొరుగు, మసీదు, టీ దుకాణము పని చేసినవి. ఫిబ్రవరి 11న అధ్యక్షుడు ముబారక్ గద్దె దిగెను. నా ప్రశ్న అక్కడ ముగియదు, అక్కడనే మొదలగును. రాజ్యాంగ సవరణలకై, అధికారము చేపట్టిన సైన్యము నియమించిన ఎనిమిదిమంది సంఘములో ఒక్క స్త్రీయైనను లేదు. మార్చి 8న మహిళాదినమున అదే మైదానమునకు వచ్చిన స్త్రీలను మగవారి గుంపు చుట్టుముట్టి, ఇండ్లకు పొండని తరిమివేసినది. అంతకుముందు పార్లమెంటులో స్త్రీలకు ప్రత్యేకించిన 64 స్థానములను కొత్త పాలకులు ఎత్తివేయగా, ఏడాది తిరుగకమునుపే కూడిన సభలో స్త్రీల పాలు రెండు శాతము. పదునెనిమిది దినములు మైదానమున సరిసమముగా నిలిచినవారికి దక్కినది ఇది. లోకమంతయు చూచిన ఆ చిత్రము ఆ సభలో వారికి చోటు తేలేకపోయినది.

శారదాంబ: కుర్చీల మాటకు పోకముందు మార్చి 9వ తేదీ వద్ద ఆగుము. ఆ దినమున సైనికులు మైదానమును ఖాళీ చేయించుచు పట్టుకొన్న స్త్రీలలో పలువురిని, సైనిక కారాగారమున, కన్యాత్వ పరీక్ష యను పేరిట అవమానించిరి. మిమ్ము చెరచితిమని రేపు మాపై నింద వేయకుండుటకే ఈ పరీక్ష యని ఒక సేనాని సమర్థించుకొనెను కూడ! వారి ధైర్యమంతయు ఒక్కదానిపై నిలిచియుండెను: ఏ ఇంటి ఆడపిల్లయు ఈ మాటను బయట పెట్టదని. దక్షిణ ఈజిప్టులోని సోహాగ్ ప్రాంతమువాసి సమీరా ఇబ్రహీం బయట పెట్టినది. తలుపు తెరచియే యుండెననియు, సైనికులు చూచుచుండిరనియు పూసగ్రుచ్చినట్లు చెప్పినది. ముఖము, పేరు, గొంతు కలిసియున్న ఆ వాఙ్మూలము ఒకరి ఫోనునుండి ఒకరి ఫోనునకు పోయినది. సైన్యమును గూర్చి ఒక్క పంక్తి వ్రాయుటకు పత్రికలు జంకుచుండిన కాలమది. ఆ స్త్రీలను గూర్చిన చరిత్ర రేపు ఎవరైన వ్రాసినచో, వారికి మొదటి ఆధారము ఆమె గొంతే.

వైదేహి: ఆ కేసును నేను వకీలుగా చదివితిని. 2011 డిసెంబరు 27న పౌర న్యాయస్థానము ఆ పరీక్షలు చట్టవిరుద్ధములని తీర్పు చెప్పినది. అది సమీర గెలుపు, నేను నమస్కరించు గెలుపు. కాని నేరము చేసిన సైనిక డాక్టరును విచారించినది సైనిక న్యాయస్థానము. లైంగిక దాడి యను నేరారోపణను అసభ్య ప్రవర్తన యనుదానికి దించి, 2012 మార్చి 11న అతనిని నిర్దోషి యని విడిచినది. నిందితుని ఇంటిలోనే నిందితునిపై విచారణ! లక్షమంది విన్న సాక్ష్యమైనను, దానిని ఆలకింపవలసిన పీఠము శత్రువు చేతిలో ఉన్నచో ఏమి ఫలము?

శారదాంబ: ఆ తీర్పులకు ముందే జరిగినదానిని విడిచితివి. 2011 డిసెంబరు 17న సైనికులు ఒక యువతిని నేలపై ఈడ్చి, ఒంటిపై వస్త్రము తొలగిపోగా, బూటుకాలితో రొమ్ముపై త్రొక్కిన దృశ్యము ఒకరి కెమెరాకు చిక్కినది. మూడు దినములకు, 20వ తేదీన, వేలకొలది స్త్రీలు ఆ చిత్రమును కాగితములపై అచ్చొత్తించి చేతబట్టి కైరో నడివీథిని నడచిరి. మగవారు చేతులు కలిపి ఇరువైపుల కంచె గట్టిరి. ఆ రాత్రికే సైనిక మండలి ఈజిప్టు స్త్రీలకు తన విచారమును తెలుపుచు ప్రకటన చేయవలసి వచ్చెను. ఆ యువతి తన పేరు చెప్పలేదు, చెప్పనక్కరయు లేకపోయెను.

ఇచ్చట నా మాట యొకటి చేర్చక తప్పదు. స్త్రీపై జరిగిన దౌర్జన్యమును దాచుటయే ఆమె మర్యాదను కాపాడుట యని ఏ సమాజమైన నమ్మినంతకాలము దౌర్జన్యము చేసినవానికి అంతకు మించిన రక్ష లేదు. డిసెంబరు 20 నాటి స్త్రీలు ఆ చిత్రమును ఎత్తిపట్టినప్పుడు అందులోని యువతిని కాక, త్రొక్కిన సైనికుని చూడుమని లోకమునకు చూపిరి. సైనిక న్యాయస్థానపు తీర్పుకంటె ఇది పెద్దదని నా నమ్మకము. ఐనను వైదేహి ప్రశ్నకు ఇది సమాధానము కాదు. విచారము తెలిపిన ఆ సైన్యపు న్యాయస్థానమే మూడు మాసములలో ఆ డాక్టరును విడిచిపెట్టినది.

వైదేహి: మగవారు కట్టిన ఆ కంచె ఎంతకాలము నిలిచినది? 2012 నవంబరు మొదలు అదే మైదానమున గుంపులు స్త్రీలను వలయముగా చుట్టుముట్టి దాడి చేయుట నిత్యకృత్యమైనది. 2013 జూన్ చివర, అధ్యక్షుడు మొర్సీ ప్రభుత్వమునకు ఎదురుగా జనము కూడినప్పుడు, నాలుగు దినములలో కనీసము 91 దాడులు లెక్కకు వచ్చినవి. ఏ పక్షమువారి ప్రభుత్వమైనను స్త్రీలను కాపాడినది స్త్రీలే, వారితో చేరిన యువకులే. ఆ స్వచ్ఛంద దళములు పని చేసిన తీరు వినినచో ఒడలు గగుర్పొడుచును. ఒకే గుర్తుగల చొక్కాలు తొడిగికొని, ఒకరి నొకరు పట్టుకొని, ఆ వలయమును చీల్చుకొని లోపలికి పోయి, నడుమ చిక్కిన స్త్రీని తమ దేహములతో కప్పి బయటికి తెచ్చెడివారు. కొందరి భుజములపై సంచులలో కట్టుకొనుటకు వస్త్రములు, మందులు సిద్ధముగా నుండెడివి. ఆ గుంపులోనికి చేయి చాచినవారిలో స్త్రీలును కలరు. వారిలో కొందరు స్వయముగా దెబ్బలు తినిరి. పెద్దమ్మా, నేను నమ్మునది ఆ చేతిని.

శారదాంబ: ఆ చేయి ఎటు పోవలెనో ఎవరు చెప్పిరి? లక్షలమందిలో ఏ మూల వలయము కట్టుచున్నదో ఫోను మ్రోగిన తరువాతనే గదా తెలిసినది! ఫోను నంబర్లను ట్విట్టర్‌లో ప్రకటించి, గదిలో కూర్చున్నవారు పిలుపు లందుకొని, మైదానములోని జట్టులకు త్రోవ చెప్పుచుండిరి. అంతకుముందే, 2010 చివర, నలుగురు స్త్రీలు హరాస్‌మ్యాప్ అను పని మొదలుపెట్టిరి. వేధింపు జరిగినచోటునుండి ఒక స్త్రీ సంక్షిప్త సందేశము పంపినచో అది నగరపటముపై ఒక చుక్కగా కనబడును. చుక్కలు చేరినకొలది, ఇది ఎక్కడనో ఒకచోట, ఎవరో ఒకరికి జరుగునది కాదని కంటికి కట్టినట్లు తెలిసినది. అంతటితో వారు ఊరకుండలేదు. కార్యకర్తలు ఆ పేటలకు పోయి, వీథిని కనిపెట్టియుండు కాపలావాండ్రతోను, చిల్లర దుకాణదారులతోను మాట్లాడి, మీ కన్నుల ముందు జరిగినచో అడ్డుపడుడని ఒప్పించిరి. నీవు వేరుచేయుచున్న రెంటిని వారు వేరుచేయలేదు.

వైదేహి: ఒప్పుకొందును. ఐతే ఆ పని ఫలించినది 2014 జూన్‌లో, లైంగిక వేధింపును నేరముగా నిర్వచించి శిక్షాస్మృతిని సవరించినప్పుడు. చుక్కలు చట్టమైన తరువాతనే పోలీసువాడు ఫిర్యాదు వ్రాసికొనవలసి వచ్చినది.

శారదాంబ: వ్రాసికొనెనా? ఆరేండ్ల తరువాత కూడ ఫిర్యాదు చేయబోయిన అమ్మాయినే ఠాణాలో ఎదురు ప్రశ్నించుచుండిరి. 2020 జూలై మొదట కైరోలో ఇరువదిరెండేండ్ల విద్యార్థిని నదీన్ అష్రఫ్, ఇన్‌స్టాగ్రామ్‌లో ‘అసాల్ట్ పోలీస్’ అను పేరిట ఒక ఖాతా తెరచి, ఒకే యువకుడు పలువురిని వేధించి బెదిరించిన ఉదంతములను పోగుచేసినది. దినములలోనే నూరుకు మించిన వాఙ్మూలములు! ఆ వారములోనే అతడు అరెస్టయ్యెను. తరువాత శిక్ష పడెను. ఆగస్టులో పార్లమెంటు, ఇట్టి కేసులలో ఫిర్యాదు చేసిన స్త్రీల పేరులను రహస్యముగ నుంచవలెనని చట్టము చేసెను. చట్టము కావలెనంటివి, అది ఎక్కడ పుట్టినదో చూడుము.

వైదేహి: పెద్దమ్మా, ఆ జూలైలోనే, ఆ కైరోలోనే జరిగిన మరియొక మాట చెప్పుదును. టిక్‌టాక్‌లో పాటలకు ఆడుచు, చిన్న చిన్న వీడియోలు పెట్టుకొనుచు లక్షలమంది అనుయాయులను సంపాదించిన హనీన్ హోసామ్, మవద్దా అల్ అద్హమ్ అను యువతులకు జూలై 27న న్యాయస్థానము రెండేసి యేండ్ల జైలును, మూడేసి లక్షల పౌనుల జరిమానాను విధించినది. నేరమేమి? ఈజిప్టు కుటుంబ విలువలను ఉల్లంఘించుట! 2018లో చేసిన సైబరు నేరముల చట్టములో ఆ మాట ఉన్నది. దాని నిర్వచన మెక్కడను లేదు. అప్పీలులో కొంత ఊరట దొరకినట్లే దొరకి, మరల మనుషుల అక్రమ రవాణా యను ఘోరమైన ఆరోపణ మోపి, మరల శిక్షించిరి. ఒక మాసములోనే ఒక తెరపై మాటాడిన అమ్మాయికి మెప్పు, ఇంకొక తెరపై ఆడిన అమ్మాయిలకు చెర. ఒకచోట ఖరీదైన విశ్వవిద్యాలయము, ఇంగ్లీషు, తెలిసిన కుటుంబము. రెండవచోట సామాన్యుల ఇంటి పిల్లలు. అంతేకాదు. 2014లో ఒక హోటలులో జరిగినదని బయటికి వచ్చిన సామూహిక అత్యాచారపు కేసులో, సాక్ష్యము చెప్పవచ్చినవారినే కొందరిని అరెస్టు చేసిరి. తెర అందరి ముఖమును చూపును; ప్రభుత్వము తనకు కావలసిన ముఖమును ఎన్నుకొని పట్టుకొనును. తెరపై మాటాడిన ప్రతిమాటయు పోలీసు దస్త్రములో సాక్ష్యమగును. సౌదీ అరేబియాలో సల్మా అల్ షెహాబ్ అను పరిశోధక విద్యార్థినికి 2022లో కొన్ని ట్వీట్ల కొరకు ముప్పది నాలుగేండ్ల శిక్ష వేసిరి. ముప్పది నాలుగేండ్లు!

శారదాంబ: ఇది నా పక్షమునకు బలమైన దెబ్బ, తప్పించుకొనను. ఆ టిక్‌టాక్ అమ్మాయిల గోడు మొదట చదువుకున్న స్త్రీవాదులలో పలువురికి తమ గోడుగా తోచలేదు. పేదింటి పిల్ల ఆడినచో అసభ్యత, గొప్పింటి పిల్ల మాట్లాడినచో ధైర్యమని ఎంచు అలవాటు ఉద్యమములకును అంటియే యుండును. ఐతే ఆ వేసవిలోనే కొందరు స్త్రీలు, ఈజిప్టు కుటుంబము వారి అనుమతితో అను వ్యంగ్యశీర్షికను పెట్టి, ఆ పిల్లల పక్షమున సంతకములు సేకరించిరి. ఆ పని వీథిలో చేయుటకు వీలులేదు. 2013 నాటి ప్రదర్శనల చట్టము తరువాత అనుమతి లేని ఊరేగింపునకు జైలే గతి. 2015 జనవరి 24న షైమా అల్ సబ్బాగ్ అను కవయిత్రి, తహ్రీర్‌లో అసువులు బాసినవారికై పూలదండ తీసికొని కొద్దిమందితో నడచుచుండగా పోలీసు కాల్పులలో నడివీథిన ఒరిగిపోయినది. ఆమె చేతిలోనివి పూలు. అట్టి వీథిని చూపి తెరను నిందించుట నాకు మనస్కరించదు.

వైదేహి: షైమా మాట తీసికొనివచ్చితివి కనుక నేను వాదింపను. కాని ఆ తెర అసలు చేతికే రాని స్త్రీల మాట అడుగుదును. కువైట్‌లో 2021లో ఆ దేశపు యువతులు వేధింపులపై ‘మౌనముగా ఉండను’ అని పెద్ద ఉద్యమమే నడపిరి, మంచిదే. ఆ యువతుల ఇండ్లలోనే కడపనుండి, కోనసీమనుండి పోయిన మన తెలుగు స్త్రీలు గిన్నెలు తోముచు, పసిపిల్లలను ఎత్తుకొనుచున్నారు. పాస్‌పోర్టు యజమాని వద్దను, ఫోను యజమానురాలి వద్దను ఉన్న పనిమనిషి ఏ మౌనమును విడువగలదు? 2015 నాటి కువైట్ చట్టము పాస్‌పోర్టు ఉంచుకొనరాదనియు, వారమున కొకదినము సెలవు ఇయ్యవలెననియు చెప్పుచున్నది. 2018లో ఆ సెలవునే తప్పుపట్టుచు వీడియో పెట్టినది అక్కడి అందచందముల ప్రచారకురా లొకతె, అదియు తెరపైననే!

శారదాంబ: ఆ వీడియోను ఎండగట్టినదియు తెరయే. ఐనను నీ మాటలోని పోటు నాకు తగిలినది. ఇంటి పనిమనిషిని చేర్చుకొనని స్త్రీల ఉద్యమము అసంపూర్ణమే. అది కువైట్‌లోనే గాదు, మన ఇండ్లలోను.

వైదేహి: ఇక ట్యునీసియాకు పోదము, అక్కడ అచ్చు గెలిచినది. 2011లోనే, ఎన్నికల జాబితాలలో స్త్రీ పురుషుల పేరులు ఒకటి విడిచి ఒకటి రావలెనని శాసనము చేసిరి. మగవారే జాబితాల మొదట ఉండుటచే సగము రాకపోయినను, రాజ్యాంగసభలో సుమారు నాలుగవ వంతు స్త్రీలే. వారిలో అధికులు, వింత గాదా, ఇస్లాంవాద పక్షమగు అన్నహ్దాకు చెందిన ముసుగు స్త్రీలు. 2012లో చిత్తుప్రతిలో స్త్రీ పురుషునికి పూరకురాలు అను మాట చొరబడగా, ఆగస్టు 13న, 1956 నాటి కుటుంబ శాసనము వార్షికోత్సవమున, వేలమంది ట్యునిస్ వీథులలో నిలిచి ఆ మాటను కొట్టివేయించిరి. 2014 రాజ్యాంగమున పౌరులు, పౌరురాండ్రు సమానులని వ్రాసిరి. 2017లో స్త్రీలపై హింసను నిరోధించు 58వ చట్టమును సభ ఏకగ్రీవముగా ఆమోదించినది. 2018 పురపాలక ఎన్నికలలో సభ్యులలో 47 శాతము స్త్రీలు. ఇది సంఘముల పని. 1989నుండి నియంత బెన్ అలీ పోలీసుల కన్నుల ముందు నిలిచిన ప్రజాస్వామిక మహిళా సంఘము వంటివారి పని.

శారదాంబ: ఆ అచ్చు ఇప్పు డేమైనది? 2021 జూలై 25న అధ్యక్షుడు కైస్ సయీద్ సభను స్తంభింపజేసెను. ఆ అక్టోబరులో అరబ్బు ప్రపంచమున మొదటి మహిళా ప్రధానిని తానే నియమించి లోకముచేత చప్పట్లు కొట్టించుకొనెను. 2022లో తానే వ్రాసిన ఎన్నికల శాసనమున సమాన జాబితాల నియమమును తీసివేసెను. 2014లో సభలో 31 శాతమున్న స్త్రీలు 2023 సభలో సుమారు 16 శాతమైరి. 2022 సెప్టెంబరు నాటి 54వ శాసనము తప్పుడు వార్తల పేరిట నోళ్లు కట్టినది. 2024 మేలో సోనియా దహ్మానీ అను వకీలును, నీ వృత్తిలోని స్త్రీని, న్యాయవాదుల భవనములోనే ముసుగు పోలీసులు వచ్చి పట్టుకొనిపోయిరి. ఒక్క కలపు పోటుతో వచ్చినది ఒక్క కలపు పోటుతో పోవును. పోనిది వేరొకటి యున్నది. లీనా బెన్ మ్హెన్నీ, ట్యునీసియా అమ్మాయి యను పేరిట బ్లాగు వ్రాసిన యువతి, 2011 జనవరిలో కస్సరీన్, రెగెబ్ పట్టణములకు పోయి, పోలీసులు చంపినవారి దేహములను ఫోటోలు తీసి లోకమునకు చూపినది. మూత్రపిండముల రోగముతో, తల్లి ఇచ్చిన మూత్రపిండముతో బ్రతుకుచు తిరిగినది. కారాగారముల గ్రంథాలయములకై తండ్రితో కలిసి పుస్తకములు పోగుచేసినది. 2020 జనవరిలో, ముప్పదియారేండ్లకే ఆమె మరణించినప్పుడు ఆమె పేటికను స్త్రీలు భుజములపై మోసిరి. ఆ దేశమున అది మగవారి పని. ఆ భుజములను ఏ శాసనము రద్దు చేయగలదు?

వైదేహి: ఏ శాసనమును రద్దు చేయలేదు. కాని ఆ భుజములు కలిసి ఉండుటకు ఒక సంఘము కావలెను. యెమెనులో 2016లో ఏర్పడిన అపహృతుల తల్లుల సంఘమును చూడుము; ఇరుపక్షముల జైళ్ల ముందును ఎండలో బిడ్డల ఫోటోలు పట్టుకొని నిలుచుందురు; అట్లు నిలిచియే పలువురిని విడిపించుకొనిరి. లిబియాలో సంఘబలము లేక వకీళ్లు ఒంటరిగా చిక్కిరి. 2014 జూన్ 25న బెంఘాజీలో సల్వా బుగైఘీస్, తాను ఓటు వేయుచున్న చిత్రమును ఫేస్‌బుక్‌లో పెట్టి, భయపడక వచ్చి ఓటు వేయుడని పిలిచినది. ఆ దినమే ఆమె ఇంటిలో ఆమెను చంపిరి. తెర పిలువగలదు, తలుపు దగ్గర కాపలా ఉండలేదు.

శారదాంబ: సరియే. రెండును ఒకచోట నిలిచిన ఉదాహరణ సూడాను. మిన్‌బర్ చాట్ అను పేరుతో స్త్రీలకు మాత్రమే ఫేస్‌బుక్‌లో ఒక కూటమి ఉండెడిది. పెండ్లి మాటలు నడచుచున్న వానికి ఇదివరకే భార్య కలదా, వాని నడత యెట్టిదని ఒకరి నొకరు విచారించుకొనుటకై పుట్టినది. మగవారు నవ్విన కూటమి. 2018 డిసెంబరులో ఉద్యమము మొదలయినంతనే, ప్రదర్శకులను కొట్టుచున్న సాదావేషపు భద్రతావాండ్ర ఫోటోలను ఆ స్త్రీలు అక్కడ పెట్టిరి. వాని పేరేమి, ఏ పేట, తల్లి ఎవరు, అన్నియు బయటపడెడివి. వాండ్రు ముఖములకు ముసుగులు కట్టుకొనవలసి వచ్చినది! అధ్యక్షుడు బషీర్ ముప్పది యేండ్ల పాలనలో స్త్రీలను ప్రజాశాంతి చట్టము పేరిట ఎట్లు కొట్టిరో నీకు తెలియును. 2009లో లుబ్నా హుసేన్ అను పాత్రికేయురాలిని, పాంటు తొడిగినందులకు, నలుబది కొరడా దెబ్బల శిక్షకు అర్హురాలని కోర్టుకు ఈడ్చిరి. ఆమె ఆహ్వానపత్రికలు అచ్చొత్తించి, నా విచారణ చూడరండని జనులను పిలిచినది. బషీర్ 2019 ఏప్రిల్‌లో కూలినాడు. ఆ నవంబరులోనే ఆ చట్టము పోయినది. సైన్యకార్యాలయము ముందు ఉద్యమకారులు వేసిన మకాములో వంటలు వండినవారు, ఏండ్ల తరబడి పోలీసులచేత కెటిల్లు, బల్లలు పగులగొట్టించుకొన్న టీ అమ్ము స్త్రీలు. ఫోనున్న విద్యార్థినియు, పొయ్యియున్న టీ అమ్ము స్త్రీయు ఒక్కచోట నిలిచిరి.

వైదేహి: ఆ నిలిచినందులకు దక్కినది? 2019లో ఏర్పడిన సార్వభౌమ మండలిలో పదునొకండ్రు సభ్యులు, స్త్రీలు ఇద్దరు. 2023 ఏప్రిల్ 15న ఇరువురు సేనానులు దేశమును యుద్ధములోనికి లాగిరి. ఆ పదునొకండ్ర మాటయు లేదు, ఆ ఇద్దరి మాటయు లేదు.

శారదాంబ: యుద్ధములో పడినవారికి అన్నము పెట్టుచున్నది ఎవరు? పేటపేటను అత్యవసర గదులని పేరుపెట్టుకొన్న జట్టులు. ఒక పాఠశాల ఆవరణమున పెద్ద కుండలు, జొన్నసంకటి, పప్పు. పాత్రలు పట్టుకొని వరుసలో పిల్లలు. దేశాంతరములందున్న సూడానువారు ఫోనులోని బంకక్ అను బ్యాంకు యాప్ ద్వారా పంపిన సొమ్ముతో ఆ కుండలు పొయ్యి నెక్కును. 2024 ఫిబ్రవరిలో దేశమున చాలచోట్ల నెట్‌వర్కు తెగిపోగా సొమ్ము రాక వంటశాలలు మూతపడినవి. అత్యాచారమునకు గురియైన స్త్రీలకు మందులు, డాక్టరు, దాగుటకు చోటు వెదకుటకై స్త్రీలే వేరుగా గదులు ఏర్పరచుకొనిరి. ఆ పని వీథిదా, తెరదా యని అడిగినచో ఆ కుండవద్ద నిలిచినామె ఏమనును?

వైదేహి: గరిట కలుపుటకు తీరిక లేనిచోట ఆ ప్రశ్న అడుగుటకు నాకును మొగము చెల్లదు. నా ప్రశ్న రేపటిది. యుద్ధ మాగి, సంధి మాటలు నడచి, మరల ఒక మండలి ఏర్పడునప్పుడు ఈ వంటశాలల స్త్రీల పేరులను ఎవరు వ్రాయుదురు? తుపాకి పట్టనివారి వద్ద సంధికి ఆధారమేమున్నదని సేనాను లడుగుదురు.

శారదాంబ: ఏ పేటలో ఎందరికి అన్నము పెట్టిరి, ఏ దినమున ఎంత సొమ్ము వచ్చెను, బియ్యమునకెంత, పప్పునకెంత, కట్టెలకెంత, ఆ చీటీల ఫోటోలన్నియు వారి ఫోనులలో ఉన్నవి. దేశమునకు నేడున్న పరిపాలనా దస్త్రము అదియే, వైదేహీ. అవి పట్టుకొని ఆ సంధి బల్లవద్దకు పోవలెను.

వైదేహి: ఆ ఫోను ఒక చెక్‌పోస్టువద్ద సైనికుని చేతిలో పడినచో దస్త్రమును పోవును, దానిని మోసినామెయు పోవును.

శారదాంబ: అందుచేతనే వాని ప్రతులు ఇప్పుడే కైరోలోను, కంపాలాలోను, నైరోబీలోను తలదాచుకొన్న సూడాను స్త్రీల వద్దకు చేరవలెను; వారిలో నీవంటి వకీళ్లును కలరు.